లైడార్ ప్లాట్‌లో చారలు, ఆ చారలతో వచ్చే గొడవ

ఒక్క రాత్రి లైడార్ (ఆకాశంలోకి లేజర్ కొట్టి, వెనక్కొచ్చే వెలుగుతో పై గాలిని కొలిచే పరికరం) డేటా తీసుకుని ప్లాట్ వేస్తే, అడ్డంగా టైమ్, నిలువుగా ఎత్తు, మధ్యలో రంగుల్లో టెంపరేచర్, ముందు కంటికి తగిలేవి చారలే. ఎర్ర చార, నీలం చార, మళ్లీ ఎర్ర చార, అన్నీ ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందకి జారుతూ ఉంటాయి. సాయంత్రం 95 కిలోమీటర్ల ఎత్తులో వేడిగా ఉన్నది అర్ధరాత్రికి 90 దగ్గరికి, తెల్లారేసరికి 85 దగ్గరికి దిగొచ్చేస్తుంది. కొత్తవాళ్లకి ఈ బొమ్మ చూపిస్తే పైనుంచి ఏదో కిందకి వస్తోంది అనుకుంటారు, నిజానికి అక్కడ ఎనర్జీ కిందనుంచి పైకి పోతోంది. ఈ రకం తరంగాల్లో శిఖరాలు కిందకి జారుతున్నాయంటే శక్తి పైకి ఎక్కుతోందని అర్థం, ఈక్వేషన్ రాసి చూసినా సరే ఇది ఒక పట్టాన మింగుడుపడదు.

సరే, చారలు కనపడ్డాయి, తరంగం ఉంది, బాగానే ఉంది. ఏ తరంగం? ఇదీ అసలు గొడవ. లైడార్‌తో తరంగాన్ని చూడటం ఈ రోజుల్లో పెద్ద పనేం కాదు, చూసినదానికి పేరు పెట్టడమే కష్టం. టైడా (గాలిలో ఆటుపోటు), గ్రావిటీ వేవా (గాలిలో లేచే మామూలు అల), కొండ మీంచి లేచిన అలా, ఇవన్నీ కలిసిన ముద్దా అని తేల్చుకోడానికి పడే తిప్పలు పేపర్లలో రెండు లైన్లలో అయిపోతాయి, పని చేసేటప్పుడు మాత్రం టైమంతా అక్కడే పోతుంది. అందుకే ఈ పోస్టు.

ముందు టైడ్స్ సంగతి. ఆటుపోట్లు అనగానే చంద్రుడు, సముద్రం గుర్తొస్తాయి కదా, గాలిలో ఆటుపోట్లకి చంద్రుడి వాటా చాలా తక్కువ, పెద్ద వాటా సూర్యుడిది, అదీ ఆకర్షణతో కాదు, వేడితో. పగలు కింద నీటి ఆవిరి, పైన 50 కిలోమీటర్ల చుట్టుపక్కల ఓజోన్, ఎండని పీల్చుకుని గాలిని వేడి చేస్తాయి, రాత్రి ఆ వేడి ఉండదు. రోజూ ఇదే తాళం కాబట్టి గాలి మొత్తం 24 గంటలకోసారి, 12 గంటలకోసారి, కొంచెం 8 గంటలకోసారి కూడా ఊగుతుంది. భూమధ్యరేఖకి దగ్గర్లో మంచి బారోమీటర్ పెట్టుకుని కూర్చుంటే ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో ప్రెజర్ పెరిగి, తెల్లవారుజాము నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తగ్గడం కనిపిస్తుంది, సగటు నుంచి అటో ఇటో ఒక హెక్టోపాస్కల్ పైచిలుకు, అంటే మొత్తం ప్రెజర్‌లో ఇంచుమించు వెయ్యిలో ఒక వంతు.

ఇక్కడే పాత తలనొప్పి ఒకటుంది. ఎండ రోజుకి ఒకసారే వస్తుంది కదా, మరి బారోమీటర్‌లో 12 గంటలది ఎందుకు పెద్దగా ఉంది, 24 గంటలది ఎందుకు చిన్నగా ఉంది? 1882లో భౌతికశాస్త్రవేత్త కెల్విన్ వాతావరణానికే దాదాపు 12 గంటల సహజ ఊపు ఉందేమో, రెజొనెన్స్ వల్ల (తాళం కలిపి తోస్తే ఊయల ఊపు పెరిగినట్టు) అదే పెద్దదవుతుందేమో అన్నాడు. అంత పెద్దాయన చెప్పాడు కాబట్టి ఆ ఐడియా దశాబ్దాలపాటు బతికింది, రాకెట్లు వెళ్లి పైన అసలు టెంపరేచర్ ఎంతో కొలిచాక గానీ పోలేదు. తర్వాత 1966లో కాటో, లిండ్‌జెన్ విడివిడిగా అసలు ముడి విప్పారు. 30 డిగ్రీల అక్షాంశం దాటాక 24 గంటల టైడ్ నిలువుగా ప్రయాణం చెయ్యలేదు, పుట్టినచోటే చిక్కుకుపోతుంది. 12 గంటలదానికి ఆ ఇబ్బంది లేదు, పైగా దాని నిలువు వేవ్‌లెంగ్త్ చాలా పొడుగు కాబట్టి మందంగా పరుచుకున్న ఓజోన్ పొర ఇచ్చే వేడి దానికి బాగా కలిసొస్తుంది. నాకైతే ఈ సబ్జెక్టు మొత్తంలో ఇంతకంటే అందమైన రిజల్ట్ లేదనిపిస్తుంది, చాలామంది కోర్సుల్లో దీన్ని అరగంటలో లాగించేస్తారు, అన్యాయం.

కింద వెయ్యిలో ఒక వంతు ఉన్నదానికి ఇంత హడావిడి ఎందుకంటారా? పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది, తరంగం మోసే ఎనర్జీ మాత్రం మధ్యలో ఖర్చవకపోతే అంతే ఉంటుంది, పల్చటి గాలిలో అదే ఎనర్జీ ఉండాలంటే ఊపు పెరగాల్సిందే. నేల నుంచి 90 కిలోమీటర్లకి వెళ్లేసరికి లెక్క ప్రకారం ఊపు దాదాపు 500, 600 రెట్లు అవుతుంది. కింద సెకనుకి పది సెంటీమీటర్ల గాలి కదలిక, ఎవరికీ తెలియనిది, అక్కడ సెకనుకి యాభై మీటర్ల గాలి అవుతుంది. గ్రావిటీ వేవ్స్‌కి కూడా ఇదే లెక్క (బ్లాక్ హోల్స్ గుద్దుకుంటే వచ్చేవి కాదండీ, అవి వేరే, ఇవి మామూలుగా గాలి పైకి కిందకి ఊగితే వచ్చే అలలు). ఉరుముల మేఘాలు, కొండలు, జెట్ స్ట్రీమ్‌లు వీటిని పుట్టిస్తాయి, అవి పైకెళ్తూ పెరిగి పెరిగి ఒక ఎత్తులో తమ బరువు తామే మొయ్యలేక ఒడ్డు దగ్గర అలలా విరిగిపోతాయి.

విరిగినప్పుడు ఊరికే పోవు, మోసుకొచ్చిన మొమెంటమ్‌ని అక్కడి గాలికి అంటించి పోతాయి, దాంతో గాలుల వేగం మారుతుంది, ధ్రువం నుంచి ధ్రువానికి ఒక పెద్ద ప్రవాహం మొదలవుతుంది. వేసవి ధ్రువం మీద గాలి పైకి లేచి వ్యాకోచించి చల్లబడుతుంది, ఎంతలా అంటే 24 గంటలూ ఎండ ఉన్న చోట, 85, 90 కిలోమీటర్ల మధ్య, 130 కెల్విన్ దాకా, అంటే మైనస్ 140 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోతుంది. భూమ్మీద వాతావరణంలో అన్నిటికంటే చల్లటి చోటు నడి వేసవిలో, ఎండలో ఉంది! 83 కిలోమీటర్ల దగ్గర రాత్రిపూట వెండిలా మెరిసే మంచు మేఘాలు వచ్చేది ఆ చలి వల్లే. అంటే ఈ అలల్ని లెక్కలోంచి తీసేస్తే మోడల్‌లో వేసవి, శీతాకాలం తలకిందులైపోతాయి, ఇదేదో చిన్న కరెక్షన్ కాదు.

ఇప్పుడు కొలవడం. చిక్కేంటంటే ఆ ఎత్తు ఎవరికీ అందదు. బెలూన్లు మహా అయితే 30, 40 కిలోమీటర్లు, శాటిలైట్లేమో అంత కిందకి వస్తే గాలి రాపిడికి పడిపోతాయి, రాకెట్ వెళ్తుంది గానీ కొన్ని నిమిషాల్లో దాటిపోతుంది, రోజంతా ఊగేదాన్ని కొన్ని నిమిషాల్లో ఏం చూస్తాం. రాడార్లు గాలుల్ని బాగానే చూస్తాయి, టెంపరేచర్ దగ్గరికొచ్చేసరికి లైడార్‌కి సాటి లేదు, ఇది నా పక్షపాతమే అనుకోండి.

సూత్రం సింపుల్. లేజర్ పల్స్ పైకి కొడతాం, వెనక్కి వచ్చిన వెలుగుని టెలిస్కోప్‌తో పట్టి ఎన్ని మైక్రోసెకన్ల తర్వాత ఎన్ని ఫోటాన్లు వచ్చాయో లెక్కపెడతాం. 90 కిలోమీటర్లు వెళ్లి రావడానికి 0.6 మిల్లీసెకన్లు, ఒక మైక్రోసెకన్ డబ్బా అంటే 150 మీటర్ల మందం గాలి. లేజర్ రాకముందే జనం సెర్చ్‌లైట్లతో ఇదే పని చేశారు, ఆ తర్వాత 1963లో ఎంఐటీలో ఫియోకో, స్మలిన్ రూబీ లేజర్‌తో పై వాతావరణం నుంచి ఎకోలు వచ్చాయని చెప్పారు.

గాలి అణువులు చెదరగొట్టే వెలుగుతో పనిచేసే రేలీ లైడార్ 30 నుంచి 80 కిలోమీటర్ల దాకా బాగా పనికొస్తుంది. ఇందులో ఫోటాన్ల లెక్క నుంచి డెన్సిటీ ఎలా తగ్గుతోందో తెలుస్తుంది, అక్కడినుంచి పై గాలి బరువుని కింది గాలి మోస్తుంది అన్న లెక్కతో టెంపరేచర్ తీస్తారు. ఫ్రాన్స్‌లో హోష్‌కోర్న్, షానాన్ 1980లో ఈ పద్ధతిని సెట్ చేశారు. తమాషా ఏంటంటే పైకొసన టెంపరేచర్ ఎంతో ఒక అంచనా వేసి మొదలుపెట్టాలి, ఆ అంచనా పది, ఇరవై కెల్విన్లు తప్పినా కిందకి దిగేకొద్దీ ఆ తప్పు కరిగిపోతుంది, ఓ 15 కిలోమీటర్లు దిగాక దాదాపు కనపడదు. పైన 10 కిలోమీటర్ల డేటా నమ్మొద్దని ప్రతి స్టూడెంట్‌కీ చెప్పేది ఇందుకే, అయినా ప్లాట్‌లో అక్కడో అందమైన చార కనిపిస్తే దాన్ని వదులుకోడానికి ఎవరికీ మనసొప్పదు.

80 పైన గాలి మరీ పల్చన, రేలీ చేతులెత్తేస్తుంది. అక్కడ మనల్ని ఆదుకునేది ఉల్కలు. రోజూ కాలి రాలే ఉల్కల నుంచి సోడియం, ఐరన్, పొటాషియం అణువులు 80 నుంచి 105 కిలోమీటర్ల మధ్య పొరలా పరుచుకుని ఉంటాయి. సోడియం ఎంత ఉంటుందంటే, పొర నడిమధ్యలో కూడా ఘన సెంటీమీటర్‌కి కొన్ని వేల అణువులు మాత్రమే, దాదాపు శూన్యమే అది. కానీ లేజర్‌ని కరెక్టుగా 589 నానోమీటర్ల గీత (సోడియం పీల్చి వదిలే ఆ ఒక్క రంగు) మీద, అదే పాత వీధిలైట్ల పసుపు రంగు మీద ట్యూన్ చేస్తే ఒక్కో సోడియం అణువు మామూలు గాలి అణువు కంటే కోటి కోట్ల రెట్లకు పైగా వెలుగుని వెనక్కి పంపుతుంది. 1969లో ఇంగ్లండ్‌లో బౌమన్ వాళ్ల టీమ్ డై లేజర్‌తో దీన్ని మొదట చేసి చూపించింది. ఖగోళ శాస్త్రవేత్తలు పెద్ద టెలిస్కోపుల కోసం ఆకాశంలో నకిలీ నక్షత్రం పుట్టించుకునేది కూడా ఈ పొరలోనే.

టెంపరేచర్ ఎలా వస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే నాకిష్టమైన పార్ట్ ఇదే. వేడిగా ఉంటే అణువులు జోరుగా అటూ ఇటూ పరిగెడతాయి, డాప్లర్ వల్ల (కదిలేదానికి వెలుగు ఫ్రీక్వెన్సీ మారినట్టు ఉండటం) ఆ గీత వెడల్పవుతుంది, చల్లగా ఉంటే సన్నబడుతుంది. గాలి మనవైపు వస్తుంటే గీత మొత్తం ఒక పక్కకి జరుగుతుంది. కాబట్టి లేజర్‌ని మూడు ఫ్రీక్వెన్సీల మధ్య మారుస్తూ కొడతారు, ఒకటి గీత నెత్తిమీద, మిగతా రెండూ అటు 630 మెగాహెర్ట్జ్, ఇటు 630 మెగాహెర్ట్జ్. రెండు పక్కల కౌంట్లు కలిపి నెత్తిమీద కౌంట్‌తో పోలిస్తే టెంపరేచర్, పక్కల మధ్య తేడా చూస్తే గాలి వేగం. వినడానికి సులువే, కానీ సెకనుకి ఒక్క మీటర్ గాలికి ఫ్రీక్వెన్సీ జరిగేది 1.7 మెగాహెర్ట్జ్, అసలు ఫ్రీక్వెన్సీ ఏమో 50 కోట్ల మెగాహెర్ట్జ్ పైన! అందుకని టేబుల్ మీద చిన్న గాజు సెల్‌లో సోడియం ఆవిరి పెట్టి, కొంచెం వెలుగుని దానిలోంచి పంపి, ఆ గీత మీదే లేజర్‌ని లాక్ చేస్తారు. చీకటి గదిలో ఆ సెల్ మధ్యలో వెంట్రుకంత పసుపు గీత వెలుగుతూ ఉంటుంది. లాక్ ఊడిందంటే ఆ రాత్రి గాలి వేగాలన్నీ గాలికే. పైకి పల్స్‌కి పదివేల లక్షల కోట్ల ఫోటాన్లు పోతాయి, వెనక్కి టెలిస్కోప్‌లోకి వచ్చేది పదుల్లో, బాగుంటే వందల్లో, అందుకే నిమిషాలకి నిమిషాలు కూడబెడితే గానీ ఒక ప్రొఫైల్ రాదు.

ఇక మళ్లీ మన గొడవకి వద్దాం. టైడ్ అంటే 24 గంటల విషయం, లైడార్‌కేమో పగలంటే పడదు, నీలాకాశం వెలుగులో ఆ పదుల ఫోటాన్లు కొట్టుకుపోతాయి. రాత్రి పది గంటల డేటాలో 12 గంటల అల, 24 గంటల అల, 8 గంటల అల, అన్నీ ఫిట్ అవుతాయి, ఏదడిగితే అది ఇస్తుంది ఫిట్టింగ్ ప్రోగ్రామ్, అంత ఉదారంగా ఇచ్చేదాన్ని నమ్మకూడదు కదా. అందుకే నా దృష్టిలో ఈ ఫీల్డ్‌ని మార్చింది పెద్ద లేజర్లు కాదు, ఒక ఫిల్టర్. ఫారడే ఫిల్టర్ అంటారు, వేడి చేసిన సోడియం ఆవిరిని అయస్కాంతం మధ్యలో పెట్టి అటూ ఇటూ రెండు పోలరైజర్లు (ఒక్క దిక్కులో ఊగే వెలుగునే పోనిచ్చేవి) ఒకదానికొకటి అడ్డంగా పెడతారు, సోడియం గీతకి ఆనుకుని ఉన్న వెలుగుకే లోపల పోలరైజేషన్ తిరిగి బయటికి దారి దొరుకుతుంది, మిగతా ఆకాశం వెలుగంతా ఆగిపోతుంది. పైగా సూర్యుడి వెలుగులోనే సోడియం గీత దగ్గర ఒక నల్లటి గాడి ఉంటుంది, ఆ రంగులో ఆకాశం కాస్త చీకటి అన్నమాట, ఆ మేరకు కలిసొచ్చింది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ టీమ్ 1996లో ఈ ఫిల్టర్‌తో పగటి టెంపరేచర్లు పబ్లిష్ చేసింది, తర్వాత 2003 సెప్టెంబర్‌లో ఫోర్ట్ కాలిన్స్‌లో తొమ్మిది రోజులు రాత్రీ పగలూ వరసగా లైడార్ నడిపారు. తొమ్మిది రోజులు మబ్బు పెద్దగా అడ్డం రాకుండా, లాక్ ఊడకుండా, షిఫ్టులు వేసుకుంటూ, ఈ పని చేసినవాళ్లకే తెలుస్తుంది అదెంత మాటో.

వరసగా రోజులు ఉంటే ఏం లాభం? టైడ్ సూర్యుడికి కట్టుబడి ఉంటుంది, ఈ రోజు పదింటికి 90 కిలోమీటర్ల దగ్గర శిఖరం వచ్చిందంటే రేపు కూడా ఇంచుమించు పదింటికే రావాలి. గ్రావిటీ వేవ్‌కి అలాంటి మొహమాటం లేదు, ఎప్పుడు పుడితే అప్పుడే. కాబట్టి రోజుల మీద రోజులు పేర్చి యావరేజ్ తీస్తే టైడ్ నిలబడుతుంది, మిగతావి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది, కానీ టైడ్ కూడా రోజురోజుకీ మారుతుంది. కింద ప్లానెటరీ వేవ్స్ (భూమి చుట్టూ పరుచుకునే పెద్ద అలలు) వచ్చి దాన్ని కెలుకుతాయి, ధ్రువం దగ్గర స్ట్రాటోస్ఫియర్ (దాదాపు 10 నుంచి 50 కిలోమీటర్ల దాకా ఉన్న పొర) ఉన్నట్టుండి వేడెక్కిపోయే సంఘటనలప్పుడైతే, 2009 జనవరిలో జరిగినట్టు, ఎక్కడో మూలన ఉండే చంద్రుడి టైడ్, 12 గంటల 25 నిమిషాలది, అది కూడా పెద్దదైపోతుంది. అంటే యావరేజ్ తీసేశాక మిగిలిందంతా గ్రావిటీ వేవ్ అనడానికి లేదు, అందులో మారిన టైడ్ ముక్క కూడా ఉంటుంది.

ఇంకో చిక్కు అక్షాంశంతో. గ్రావిటీ వేవ్ పీరియడ్ (ఒక ఊపుకి పట్టే టైమ్) తక్కువలో తక్కువ ఐదు నిమిషాల నుంచి ఎక్కువలో ఎక్కువ ఒక హద్దు దాకా ఉండొచ్చు, భూమి తిరగడం వల్ల వచ్చే ఆ హద్దు ధ్రువం దగ్గర 12 గంటలు, 30 డిగ్రీల దగ్గర 24, ఫోర్ట్ కాలిన్స్‌లో 18 గంటల పైచిలుకు. తిరుపతి దగ్గర గాదంకి లైడార్ ఉన్న 13.5 డిగ్రీల దగ్గరైతే 51 గంటలు. అంటే అక్కడ 12 గంటల చార కనిపిస్తే టైడ్ అయినా కావచ్చు, నెమ్మదైన గ్రావిటీ వేవ్ అయినా కావచ్చు, పీరియడ్ ఒక్కటీ చూసి తీర్పు చెప్పలేం. చారలు దిగే స్పీడు కొంత సాయం చేస్తుంది, 24 గంటల టైడ్ నిలువు వేవ్‌లెంగ్త్ 25, 30 కిలోమీటర్లు కాబట్టి గంటకి ఒక కిలోమీటర్ చొప్పున దిగుతుంది, గంటకి ఏ మూడు వందల మీటర్లో దిగుతుంటే అనుమానించాలి. అంటార్కిటికాలో మెక్‌మర్డోలో పరిస్థితి కొంచెం నయం, అక్కడ హద్దు 12.3 గంటలే. 2010 చివర్లో షిన్‌జావ్ చూ టీమ్ అక్కడ ఐరన్ లైడార్ పెట్టింది, చూస్తే 3 నుంచి 10 గంటల పీరియడ్ ఉన్న గ్రావిటీ వేవ్స్ ఏదో అప్పుడప్పుడు కాదు, ఎప్పుడు చూసినా ఉన్నాయి. అదే లైడార్‌తో 2011లో ఐరన్ అణువులు 155 కిలోమీటర్ల దాకా కనిపించాయి, మామూలు పొర వంద చుట్టుపక్కలే ఆగిపోతుంది అనుకున్న చోట! అక్కడ కూడా చారలే, అవి కూడా కిందకే జారుతున్నాయి.

చారలు అసలు జారకపోవడం కూడా ఉంటుంది. అర్జెంటీనా దక్షిణ కొసన, టియెరా డెల్ ఫ్యూగోలో, రియో గ్రాండే అన్న ఊళ్లో 2017 చివర్లో జర్మన్ వాళ్లు లైడార్ ఒకటి పెట్టారు, ఆకాశం తెరిపి ఇచ్చిందో లేదో అదే చూసుకుని అదే మొదలవుతుంది, మనిషి అక్కర్లేదు. శీతాకాలంలో పడమటి గాలి ఆండీస్‌ని ఢీకొడితే లేచే అల కొండకి కట్టేసినట్టు అక్కడే నిలబడుతుంది, గాలి పోతుంటుంది, అల కదలదు. ప్లాట్‌లో అవి రాత్రంతా అడ్డంగా, ఒకే ఎత్తులో పట్టీల్లా ఉంటాయి. 2018 జూన్‌లో వాళ్లు చూసినది పై స్ట్రాటోస్ఫియర్‌లో శిఖరం నుంచి లోయకి 80 కెల్విన్ల తేడా, కొన్ని కిలోమీటర్లు ఎక్కితే చాలు అంత తేడా. పేరు పెట్టడం తేలికైన కేసు ఏదైనా ఉందంటే ఇదే.

మరి శాటిలైట్లు ఉన్నాయి కదా అని అడుగుతారు, అడగాల్సిందే. 2001 డిసెంబర్‌లో వెళ్లిన టైమ్డ్ శాటిలైట్ మీద సేబర్ అనే పరికరం ఉంది, టైడ్స్ గురించి ప్రపంచం మొత్తం మ్యాప్ ఇచ్చింది అదే. సూర్యుడితో పాటు పడమరకి జరిగే టైడ్స్ కాక, ఉష్ణమండలంలో వానల వేడి వల్ల పుట్టి తూర్పుకి పోయే టైడ్ కూడా ఒకటుంది, డీఈ3 అంటారు, దాని గుర్తులే అయనోస్ఫియర్‌లో (పైన కరెంటు మోసే వాయువు, అంటే ప్లాస్మా ఉండే పొర) భూమి చుట్టూ నాలుగు ఉబ్బెత్తులుగా కనిపిస్తాయని 2006లో ఇమెల్ వాళ్లు చూపించారు. ఎక్కడో అడవుల మీద కురిసిన వాన వందల కిలోమీటర్ల పైన ప్లాస్మాని ఉబ్బిస్తోందంటే మాటలా! ఒక్క చోట నిలబడి పైకి చూసే లైడార్‌కి ఇది దొరకదు, ఎందుకంటే ఒకే చోటి నుంచి చూస్తే అన్ని 24 గంటల టైడ్స్ ఒకేలా ఉంటాయి, అవి తూర్పుకి పోతున్నాయో పడమరకి పోతున్నాయో తెలీదు. కానీ ఆ శాటిలైట్‌కీ ఒక లోపం ఉంది, 24 గంటల లోకల్ టైమ్ మొత్తం కవర్ చెయ్యడానికి దానికి 60 రోజులు పడుతుంది, అంటే అది చెప్పేది రెండు నెలల యావరేజ్ టైడ్. నిన్నటికీ ఈ రోజుకీ టైడ్ ఎంత మారిందో దానికి తెలీదు, లైడార్‌కి తెలుసు.

కాబట్టి ఇద్దరూ కావాలి, కానీ డబ్బులు, గ్రాంట్ల దగ్గరికొచ్చేసరికి కొత్త శాటిలైట్‌కి ఉన్న ఊపు పాత లైడార్‌ని ఇంకో పదేళ్లు నడపడానికి ఉండదు. ఎంత పొడుగు డేటా ఉంటే టైడ్‌నీ గ్రావిటీ వేవ్‌నీ అంత బాగా విడదీయగలం అన్నది కొత్త ఐడియా కాదు, అందరికీ తెలిసిందే, అయినా ఒక రాత్రి డేటాతో, ఒక అందమైన కేస్‌తో వచ్చే పేపర్లే ఎక్కువ. నా ఓటు మాత్రం ఒకే అక్షాంశం మీద నాలుగైదు చోట్ల, పగలూ రాత్రీ నడిచే మామూలు సైజు లైడార్లకి. రేఖాంశాలు వేరువేరుగా ఉంటే ఒకే టైడ్ ఒక్కో చోటికి ఎప్పుడు వచ్చిందో పోల్చి చూడొచ్చు, తూర్పుకి పోయేదీ పడమరకి పోయేదీ నేల మీంచే విడగొట్టొచ్చు, అదీ 60 రోజులు ఆగకుండా. సెమీకండక్టర్ లేజర్లతో శక్తి అందించే (పంప్ చేసే) లేజర్లు వచ్చాక మెషిన్లు చిన్నవయ్యాయి, కరెంటు తక్కువ తాగుతున్నాయి, రియో గ్రాండేలోలా మనిషి లేకుండా నడుస్తున్నాయి, కాబట్టి ఇప్పుడిది గొంతెమ్మ కోరికేం కాదు. మబ్బుల సంగతి మాత్రం ఎవరూ ఏం చెయ్యలేరు, అందుకే నాలుగు చోట్లు అన్నది, ఒకచోట మూసుకుపోతే ఇంకోచోటైనా తెరిచి ఉంటుంది.